ధర్మవరం దాకా మోసిన కుళ్ళు

మా నాయన కుళ్ళుకోవడం నేను మొదటిసారి చూసింది నా చిన్నప్పుడు, పెనుకొండలో ఒక పెళ్ళిలో. మాది హిందూపురం. నాయన పగలంతా బట్టల కొట్లో కూర్చునేవాడు, పెళ్ళిళ్ళ రోజుల్లో ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాడు. ఆ పెళ్ళికి ధర్మవరం నుంచి ఇంకో ఆర్కెస్ట్రా కూడా వచ్చింది. వాళ్ళ గిటారాయన పాట మధ్యలో చిన్న స్విచ్చి జరిపితే చాలు, గిటారు గొంతే మారిపోయేది. ఒకసారి బరువుగా, ఒకసారి పదునుగా, మరోసారి గాజుగిన్నెకు చెంచా తగిలినంత తేటగా. జనమంతా అటే తిరిగి కూర్చున్నారు. నాయన తన గిటారు ఒళ్ళో పెట్టుకుని తీగలు తుడుస్తూ ఉండిపోయాడు. ఇంటికొచ్చాక అమ్మతో, "ఆయప్పది ఫారిన్ గిటారులే" అన్నాడు. ఆ తర్వాత తనకోసం తాను వాయించుకోవడం మానేశాడు.

ఆయన బాధ నాకు అర్థమైంది, ఎందుకంటే నా లోపలా అదే ఉండేది. పక్కింటి అక్క సాయంత్రాలు నాయన దగ్గర గిటారు నేర్చుకోవడానికి మా ఇంటికి వచ్చేది. ఆమె వేళ్ళు తీగల మీద సరిగ్గా పడినప్పుడల్లా నాయన కళ్ళు మూసుకుని తల ఊపేవాడు. నేను క్లాసులో మొదటి ర్యాంకు తెచ్చుకున్నప్పుడు కూడా ఆయన అలా తల ఊపలేదు. అక్క వచ్చే వేళకు నాకు కడుపునొప్పి వచ్చేది, నిజంగానే వచ్చేది. నాకూ నేర్పమని మాత్రం ఎన్నడూ అడగలేదు. అడిగితే ఆమె కన్నా తక్కువదాన్నని ఒప్పుకున్నట్టే అనిపించేది.

ఒక ఆదివారం నాయన గిటారును దుప్పట్లో చుట్టి, "ధర్మవరం పోతాండా, వస్తావా పాపా?" అన్నాడు. అక్క లేకుండా నాయనతో నేనొక్కదాన్నే ఉండొచ్చని వెంటనే చెప్పులేసుకున్నాను. రైలెక్కాక, ఆ పెళ్ళిలో వాయించిన గిటారాయన్ని ఒకటి అడగాలని చెప్పాడు. పెనుకొండ స్టేషను వచ్చినప్పుడు కిటికీ వైపు నుంచి ముఖం తిప్పుకున్నాడు.

ఆ గిటారాయన ఇల్లు మగ్గాల చప్పుడు వినిపించే ఒక సందులో ఉంది. గుమ్మం ముందు నాయన కాళ్ళు ఆగిపోయాయి.

"ఆయన చెప్పకపోతే?" అని అడిగాను.

"చెప్పకపోతే ఇంటికి పోతాం" అని తలుపు తట్టాడు.

గిటారాయన మమ్మల్ని గుర్తుపట్టి, "ఏమప్పా, అంత దూరం నుంచి వచ్చినారు, రాండి" అంటూ చాప పరిచాడు. నాయన కాసేపు వానల గురించి, శెనక్కాయ పంట గురించి మాట్లాడాడు. చివరికి తల వంచుకునే అడిగాడు. "మీ గిటారులో స్విచ్చి నడిమికి జరిపితే ఆ తేట గొంతు ఎట్లొస్తాదో తెలుసుకుందామని వచ్చినాను. నాది ఆడికి స్విచ్చి జరిపితే పీలగా పోతాది."

ఆయన నవ్వలేదు. తన గిటారు తెచ్చి మూత విప్పాడు. అది ఫారిన్‌ది కాదు, అచ్చం మా గిటారులాంటిదే. నాయన ముఖం ఎర్రబడింది. తర్వాత గిటారాయన మాది విప్పాడు. తీగల కింద, వాటి మోతను పట్టుకునే రెండు పికప్‌లు ఉన్నాయి. ఒక్కోటి అయస్కాంతానికి వెంట్రుకంత సన్నటి రాగి తీగ చుట్టిన చుట్ట. ఒక్కోదాని నుంచి రెండేసి వైర్లు, ఒకటి స్విచ్చికి, ఒకటి ఎర్తుకు. గిటారు మెడ దగ్గరి పికప్ బరువుగా పలుకుతుంది, కిందిది పదునుగా పలుకుతుంది, స్విచ్చి నడిమికి తెస్తే రెండూ కలిసి పలకాలి.

"ఈ కింది పికప్ మీరే మార్చినారా?"

నాయన తలూపాడు.

"దీని వైర్లు తిరగబడినాయి. ఒక ఎద్దు ముందుకు, ఒక ఎద్దు వెనక్కి లాగినట్టుండాది. విడివిడిగా పలికిస్తే తెలీదు, కలిపినప్పుడే బయటపడతాది."

ఆ రెండు వైర్లను అటుదిటు, ఇటుదటు మార్చి సోల్డరింగ్ పెట్టాడు. నాయన గిటారును ఆయన యాంప్లిఫయరుకు తగిలించి, స్విచ్చి నడిమికి జరిపి తీగ మీటాడు. పెళ్ళిలో విన్న తేట గొంతు మా గిటారులోంచి వచ్చింది. గిటారాయన అంతటితో ఆపలేదు. రెండు పికప్‌ల వైర్లను ఒకదాని వెనక ఒకటిగా తగిలించి చూపించాడు. గొంతు గట్టిగా, ముద్దగా అయింది. "కొత్తలో పక్కపక్కనే తగిలించుకోండి, తేటగా ఉంటాది. చెవికి అలవాటైనాక కావాలంటే ఇట్ల మార్చుకోండి" అని మళ్ళీ మునుపటిలాగే పెట్టిచ్చాడు. వాళ్ళింట్లో బొరుగుల ఉగ్గాని తిని బయలుదేరాం.

తిరుగు రైల్లో ఉండబట్టలేక అడిగాను. "ఇప్పుడు ఆయన మీద నీకు కుళ్ళు పోయిందా నాయనా?"

"యాడ పోతాది, అట్లే ఉండాది. ఆయప్ప చెయ్యి నాకంటే చురుకు. పైగా మంచోడు, అది ఇంకొక మంట."

"మరెందుకు పోయినావు?"

"కుళ్ళు పోయినాక అడుగుదాంలే అనుకుంటే ఎప్పటికీ అడగలేం పాపా."

ఆ మాట నాకోసం అన్నాడో, తనకు తానే చెప్పుకున్నాడో ఈనాటికీ తెలియదు. ఆయన అప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

మరుసటి సాయంత్రం అక్క వచ్చింది. నాకు కడుపునొప్పీ వచ్చింది. ఆ నొప్పితోనే వెళ్ళి ఆమె పక్కన కూర్చుని, నాకూ ఒకటి చూపించమన్నాను. అక్క పక్కకు జరిగి చోటిచ్చి, నా వేళ్ళు పట్టుకుని తీగల మీద ఒత్తింది. నా కళ్ళలో నీళ్ళు చూసి, "నొప్పిగా ఉండాదా? మొదట్లో అంతే, తీగలు కోసుకుంటాయి" అంది. తీగల వల్లే అనుకుంది. నేను కాదనలేదు.

గిటారు నాకు అక్కంత బాగా ఎన్నడూ రాలేదు. ఆమె మీద ఆ మంట కూడా పూర్తిగా ఆరలేదు. అరవై దాటిన ఈ వయసులోనూ, ఎవరి చేతిలోనైనా నాకు చేతకాని పని అందంగా జరుగుతుంటే లోపల భగ్గుమంటుంది. అది చల్లారేదాకా ఆగను. మండుతుండగానే లేచి, వాళ్ళ తలుపు తడతాను.