ముందు సీటులో ఎస్తేరు గారు

క్లచ్ ప్లేటు కాలే వాసన మీకు తెలుసో లేదో. వెంట్రుకలు మాడినట్టు, కొంచెం పుల్లగా, గొంతు పట్టుకునే వాసన. ఈ ఉదయం మా ఆఫీసు ఎదుట కాలువ వంతెన ఎక్కలేక ఎవరి పిల్లవాడో క్లచ్ తొక్కిపట్టి కారును గుంజుతుంటే ఆ వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. వెంటనే ఎస్తేరు గారు గుర్తుకొచ్చారు. ఆమె పోయి ఏడాది దాటింది. చర్చిలో జరిగిన సంస్మరణ కూడికలో ఒకరి తర్వాత ఒకరు లేచి, ఆమె కాలేజీ పిల్లలందరికీ తల్లిలాంటిదని చెప్పి కళ్లు ఒత్తుకున్నారు. నేను ఒప్పుకోను. తల్లులకు ఉండే తొందరా, భయమూ, నోరూ ఆమెకు లేవు. అవి లేని మనిషిని తల్లి అంటే, అవి ఉన్న మేమంతా ఎవరం?

నెల్లూరు నుంచి మైపాడు వెళ్లే దారిలో, ఇందుకూరుపేటకు ఇవతల మా ఆఫీసు. ఇంజినీరింగ్ కాలేజీ వచ్చాక రొయ్యల గుంటల పక్కనే హాస్టళ్లు లేచాయి, బిర్యానీ హోటళ్లు లేచాయి. రొయ్య కలిసొచ్చిన ఏడు తండ్రులు పిల్లలకు పాత కార్లు కొనిపెట్టేవారు. వాటికి ఇన్సూరెన్సు చేయించే ఏజెంటు ఎస్తేరు గారు. బీకాం చదివి, కంప్యూటరు ముందు కూర్చుని, ఆ పని నిజంగా చేసేదాన్ని నేను. కంపెనీ అడగని పరీక్ష ఒకటి ఆమె పెట్టేవారు. కారు నడపబోయేది కొత్తగా లైసెన్సు వచ్చిన పిల్లో పిల్లవాడో అయితే, ఆమెను ముందు సీటులో కూర్చోబెట్టుకుని మైపాడు దాకా నడిపి, వెనక్కి తీసుకురావాలి. కన్నవాళ్లు వెనక సీటులో కూర్చోవాలి, నోరు విప్పకూడదు. విప్పితే కారు తిప్పించి మళ్లీ మా ఆఫీసు దగ్గర మొదలుపెట్టించేవారు.

ఒక రొయ్యల రైతుకు ఇది నచ్చలేదు. కారు కొన్నదీ తనే, నోరు మూసుకోవాల్సిందీ తనేనా అని అడిగాడు. "అవునన్నా. తోలేది మీ వాడు గదా" అన్నారు ఎస్తేరు గారు, సీటు బెల్టు పెట్టుకుంటూ. ఇవన్నీ అక్కర్లేదని, టీ చల్లారేలోపు ఫోనులోనే పాలసీ వచ్చేస్తుందని నేను ఎన్నిసార్లు వాదించానో. ఆమె వినేవారు, తలూపేవారు, వెళ్లి ముందు సీటులో కూర్చునేవారు. అలా కూర్చున్నాక ఆ పిల్లలు ఆమెను వదిలేవారు కాదు. ప్రేమ గొడవైనా, పరీక్ష పోయినా ఆఫీసు మెట్ల మీదికే వచ్చేవారు. గుమ్మంలోంచి తొంగిచూసి, "ఆంటీ లేరా?" అనేవారు. ఎదురుగా నేను కూర్చునే ఉండేదాన్ని. నేను ఆంటీని కాను కాబోలు.

ఊరి పిల్లల సంగతి పోనివ్వండి. నా కూతురు కీర్తన ఆ కాలేజీలోనే చేరింది. అది మా కారు నేర్చుకునేటప్పుడు దాని పక్కన ముందు సీటులో నేను ఒకే ఒక్కసారి కూర్చున్నాను. మొదటి స్పీడు బ్రేకరు వచ్చేసరికే ఇద్దరం అరుచుకున్నాం, మిగతా దారంతా నా కాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. మర్నాటి నుంచి అది ఎస్తేరు గారితో వెళ్లింది. వచ్చేటప్పుడు కారు అద్దాల్లోంచి నవ్వులు వినిపించేవి. ఆమె జోకులు వేసే మనిషి కాదు, నాకు తెలుసు. మరి ఎందుకు నవ్వేవారో నేను కీర్తనను అడగలేదు. అడిగితే ఆ నవ్వు కూడా ఆగిపోతుందనిపించేది.

అప్పటికి దానికి లెర్నర్ లైసెన్సే. పక్కన లైసెన్సున్న మనిషి లేకుండా నడపకూడదు. ఒకరోజు మధ్యాహ్నం కాలేజీ ఎగ్గొట్టి, కారు తీసుకుని ఒక్కతే మైపాడు వైపు వెళ్లింది. రొయ్యలకు ఐసు తీసుకుపోయే ఆటోను గుద్దింది. ఆఫీసులో ఫోను మోగింది. నాది కాదు, నా ఎదుటి బల్ల మీద ఎస్తేరు గారిది. నా ఫోను నా చేతిలోనే ఉంది. ఆమె చాలాసేపు విన్నారు, నన్ను చూస్తూ. చివరికి "ఆయన పక్కనే కూర్చో. యాడికీ కదలబాక. వస్తా ఉండాం" అని పెట్టేసి, స్కూటరు తాళం నాకు అందించారు.

మేం వెళ్లేసరికి రోడ్డంతా ఐసు ముక్కలు. ఆటో నడిపే పోలయ్య మణికట్టు పట్టుకుని గట్టున కూర్చున్నాడు. చేపలు పట్టే పల్లెకారుల వీధి మనిషి. పక్కనే నా కూతురు, తన చున్నీతో అతని చేతికి కట్టు కట్టి కూర్చుని ఉంది. నేను దాన్ని పక్కకు లాగి, కారు నడిపింది నేనని చెబుదామన్నాను. నాకు లైసెన్సు ఉంది. పిల్ల గుద్దితే తండ్రి గుద్దాడని రాయించడం మా వైపు కొత్తేం కాదు, రాసే ఏజెంట్లూ కొత్త కాదు. కీర్తన నోరు విప్పబోయి, ముందు ఎస్తేరు గారి మొహం చూసింది.

"సుజాతా, ఆ పిల్లకి తోలడం నేర్పినా. తప్పించుకోవడం నువ్వు నేర్పబాక" అన్నారు ఆమె.

"నేనే తోలినా మా. ఆటో అన్నకి అప్పుడే చెప్పేసినా" అంది కీర్తన.

మా కారుకు కంపెనీ నుంచి ఏమీ రాలేదు. అది చాలాకాలం టార్పాలిను కింద పడి ఉంది. పోలయ్య వైద్యం మేమే చేయించాం, పోలీసు స్టేషను మెట్లూ ఎక్కాం. ఇప్పటికీ నేను అన్నదే నాకు న్యాయంగా తోస్తుంది. పద్దెనిమిదేళ్ల పిల్ల పేరు కేసులో పడకూడదనుకోవడానికి తల్లి ఎవరి అనుమతి తీసుకోవాలి? కానీ నన్ను కాల్చింది కారు కాదు, కేసూ కాదు. ఆ చూపు. నాకు జవాబు చెప్పడానికి నా బిడ్డ ఇంకొకరి మొహం చూడటం. తర్వాత ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఎస్తేరు గారు దాన్ని పోలయ్య ఇంటికి తీసుకెళ్లేవారు. చేపల పులుసు తిని వచ్చేది. ఏం మాట్లాడుకున్నారే అంటే, "ఏం లేదు మా" అనేది. ఆ ఏమీ లేనిదాన్ని తలచుకుంటూ నేను ఎన్ని గిన్నెలు దబదబా తోమానో మా ఆయనకే తెలుసు. నాకెందుకు ఫోను చేయలేదని చాలా రోజుల తర్వాత అడిగాను. "నువ్వు ఏడుస్తావని" అంది. అరుస్తావని అని ఉంటే తట్టుకునేదాన్ని.

ఇప్పుడు ఆఫీసు నాది. పిల్లల కారులో ముందు సీటులో నేనే కూర్చుంటున్నాను. నోరు మూసుకోవడం ఎంత కష్టమో దవడలకు తెలుస్తోంది, కానీ మూసుకుంటున్నాను. పోయిన నెల ఒక అమ్మాయి మైపాడు దాకా చక్కగా నడిపి, దిగేటప్పుడు నా నంబరు అడిగి ఫోనులో పెట్టుకుంది. వెనక సీటులోంచి వాళ్లమ్మ నా వైపు చూసింది. ఆ చూపు ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు, ఏళ్ల తరబడి ఎస్తేరు గారిని నేను చూసింది అలాగే. నాకు ఒక్క క్షణంలో తెలిసిపోయింది. అంటే ఎస్తేరు గారికీ తెలిసే ఉంటుంది, మొదటి రోజు నుంచీ. తెలిసీ, ఒక్కసారైనా "మీ అమ్మకి చెప్పు పో" అని నా బిడ్డను నా దగ్గరికి ఎందుకు పంపలేదు?