తాత అరికాలు, నూలు పోగు

మా చిన్నప్పుడు... మా తాత కాలు కాల్చింది చలికాలం అన్నారు వీధిలో అందరూ. కాదు. నెలనెలా షుగరు మాత్రలు రాసిస్తూ, ఒక్కసారైనా కుర్చీలోంచి వంగి ఆయన పాదాలు చూడని డాక్టరుగారు చేసిన పని అది. చలిని తిట్టడం సులువు... దానికి కుర్చీ లేదు, జీతం లేదు, ఎదురు చెప్పే నోరూ లేదు.

సరే, కోపం తర్వాత. ముందు ఆ పొద్దులు చెప్పాలి మీకు...

అమలాపురం దగ్గర మా చేనేత వీధిలో ధనుర్మాసం పొద్దంటే మంచే. కాలవ కనిపించేది కాదు, కొబ్బరి తలలు కనిపించేవి కావు... ఆ తెల్లదనంలోంచి మగ్గాల చప్పుడు మాత్రం వచ్చేది. ముందు ఎవరింటిదో ఒకటి... దానికి జవాబుగా ఇంకొకటి... వీధంతా ఒకే దుప్పటి కప్పుకుని, లోపల గుండె కొట్టుకుంటున్నట్టుండేది.

మాది గుంట మగ్గం. నేలలో మోకాళ్లు దిగేంత గుంట. తాత దాని అంచున కూర్చుని, కాళ్లు లోపలికి జార్చి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేసేవారు. చలికాలం ఆ గుంటలో చెమ్మ ఊరేది. నేతగాళ్ల పాదాలు మొద్దుబారడం ఎంత మామూలంటే, దానికి 'గుంట తిమ్మిరి' అని ఓ పేరే పెట్టేసుకున్నారు మావాళ్లు.

మామ్మ పొద్దున్నే ఇత్తడి గ్లాసులో పంచదార లేని టీ తెచ్చేది. తాత ఒక గుక్క తాగి నా వైపు తిరిగేవారు.

"బుల్లెమ్మా, మీ మామ్మ నా టీలో పంచదార ఇప్పుడు మానేసింది గానీ... మాటల్లో ఏనాడూ వేసింది కాదే!"

"ఆయ్... వేస్తే షుగరు ఇంకా పెరిగిపోదుటండీ?" అనేది మామ్మ, కుంపటి విసురుతూ.

కొబ్బరి చిప్పల నిప్పులు ఎర్రగా కణకణలాడాక, ఆ కుంపటిని మెల్లగా గుంటలోకి దించి, తాత కాళ్ల పక్కన పెట్టేది. పక్కింటి సత్తిబాబు బాబాయి, ఆయనా నేతగాడే, చేతులు రుద్దుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడేవాడు.

"రాజభోగం పెద్నాన్నా నీది! కాళ్ల దగ్గర నిప్పులు, చేతిలో టీ... ఆ నేతేదో కూడా నాచేత నేయించేసుకో మరి!"

"రారా, నేద్దువు గాని. కూలికి చేదు టీ ఇస్తాను."

మధ్యాహ్నం ఎండ పొడ వచ్చాక తాత అరుగు మీద కాళ్లు చాపేవారు. మామ్మ పగుళ్లకు కొబ్బరి నూనె రాసేది. నేను నూలు పోగొకటి తెచ్చి అరికాలి మీద గీసేదాన్ని. ఆయన కళ్లు మూసుకోవాలి, పోగు తగలగానే "ఆయ్!" అని కాలు లాక్కోవాలి... అదీ మా ఆట.

ఆ చలికాలం తాత "ఆయ్" అనడం మానేశారు. నిద్రపట్టేసిందనుకుని దుప్పటి కప్పేదాన్ని...

ఒకరోజు పొద్దున మగ్గం చటుక్కున ఆగింది.

"ఏవే... ఏదో కాలుతున్న వాసన. పోగేమో చూడు!"

సన్న నూలు చీర. ఓ నిప్పురవ్వ పడితే చాలు, పనంతా పోయినట్టే. మామ్మ మగ్గం మీద పోగులన్నీ తడిమింది. సత్తిబాబు బాబాయి పరుగున వచ్చి చీరంతా వెతికాడు. ఎక్కడా మచ్చ లేదు.

"బతికేం" అన్నారు తాత, నిజంగా సంతోషపడి. మళ్లీ చెక్కలు తొక్కడం మొదలుపెట్టారు.

అందరూ చీర చూశారు... కాలు ఎవరూ చూడలేదు.

మధ్యాహ్నం నూనె రాయబోయి మామ్మ ఆ కాలు వెలుగులోకి తిప్పి చూసింది. బొటనవేలి పక్కన తోలు ఊడిపోయి ఉంది.

"ఏవండీ... నొప్పెట్టడం లేదా?"

"ఎక్కడే?" అన్నారు తాత.

ఆ ఒక్క మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది...

"చలికాలం కదా, కుంపటికి దూరంగా ఉండాలి" అన్నారు డాక్టరుగారు, తలెత్తకుండా రాస్తూనే. పుండు మానలేదు. కాకినాడ తీసుకెళితే వేళ్లు తీసేశారు. తాత మళ్లీ గుంటలోకి దిగలేదు. మంచు పొద్దుల్లో అరుగు మీద కూర్చుని, పక్కిళ్ల మగ్గాలు వింటూ, దుప్పటి కింద కాలు కదిపేవారు... తాళం తప్పకుండా.

షుగరు పాదాల్లోని స్పర్శను తినేస్తుందని, పెద్దయ్యాక ఎవరో పంచిన కరపత్రంలో చదివాను. చిన్న కాగితంలో పట్టేసిన మాట... ఆ కుర్చీ దగ్గర్నుంచి మా అరుగు దాకా రాలేకపోయింది!

మంచు ఇప్పటికీ అలాగే కురుస్తోంది. మగ్గాలే తగ్గిపోయాయి. నిన్న పొద్దున ఆ తెల్లదనంలోంచి సత్తిబాబు బాబాయి మగ్గం ఒక్కటే వినిపించింది. వెళ్లి చూస్తే... గుంటలో కుంపటి. ఇప్పుడు ఆయనకీ షుగరుంది.

"గుంట తిమ్మిరే బుల్లెమ్మా... మీ తాతకీ ఉండేది గదా!"

కుంపటి బయటికి లాగేశాను. "మీ మామ్మ నోరే వచ్చిందే నీకు" అని నవ్వాడు. కళ్లు మూసుకోమని, ఓ నూలు పోగు తీసి ఆయన అరికాలి మీద గీశాను. మళ్లీ గీశాను.

బాబాయి కళ్లు మూసుకుని నవ్వుతూనే ఉన్నాడు. "ఊఁ... గియ్యవే మరి!"

అందుకే ఇది రాస్తున్నాను. ఈ సోమవారం ఉదయం ఏడు గంటలకు సత్తిబాబు బాబాయి అరుగు దగ్గరికి రండి. షుగరున్న మీ ఇంటివాళ్లను తీసుకురండి. పోగు నేను తెస్తాను. "ఆయ్" అనని పాదాలన్నిటినీ ఆటోలెక్కించి ఆసుపత్రికి తీసుకెళదాం. డాక్టరుగారు కుర్చీ దిగి, వంగి, ఒక్కొక్కటీ చూసేదాకా అక్కడి నుంచి కదలం.

రాలేనివాళ్లు మీ ఇంట కుంపటి ఎవరి కాళ్ల దగ్గర ఉండేదో కింద రాయండి... చదువుతాను. రాసే ముందు మాత్రం లేచి, మీ పెద్దవాళ్ల అరికాలి మీద ఓ పోగు గీసి చూడండి.

వాళ్లు "ఆయ్" అనకపోతే... నిద్రపోయారనుకోకండి.