మా ఆవిడ మణికట్టు బేరం

మలేషియాలో టూరు బస్సుకి సడన్‌గా బ్రేకు పడినప్పుడు మా ఆవిడ సీట్ల మధ్య నిలబడి ఉంది. నిలబడమన్నది నేనే. నా కిటికీ అవతల మేడలు బాగున్నాయి, నన్నూ వాటినీ కలిపి ఫొటో తియ్యమన్నాను. పడిపోతూ కుడిచెయ్యి నేలకి ఆన్చింది. నేను ముందు ఫోను తీసి, అద్దం పగల్లేదని చూసుకుని, తర్వాత ఆవిడని లేపాను.

ఆసుపత్రిలో ఖర్చుల కాగితం చేతికిచ్చారు. ఎక్స్‌రే, డాక్టరు ఫీజు, ఇంకా ఏవేవో. మన రూపాయల్లోకి మార్చుకునేసరికి నా పెంపకం బయటపడింది. అమలాపురంలో మాది ఇత్తడి సామాన్ల కొట్టు. ఎవరైనా పాత బిందె అమ్మడానికి తెస్తే మా నాన్న దాన్ని వేలితో కొట్టి, పెదవి విరిచి, "ఏవుందండీ ఇందులో, అన్నీ సొట్టలే" అనేవారు. చేతికి రావలసిన సరుకుని ముందు తక్కువ చెయ్యాలి. నాకు వంటబట్టిన చదువు అదొక్కటే. ఆ రోజు నేను తక్కువ చేసిన సరుకు మా ఆవిడ మణికట్టు.

"స్మాల్ పెయిన్. నో ఎక్స్‌రే. ఓన్లీ బ్యాండేజ్," అన్నాను కౌంటరు దగ్గరున్నతనితో.

"ఏవండీ, వేళ్ళు ముడవలేకపోతున్నానండీ. ఎముక విరిగిందేమో, ఆ ఎక్స్‌రే తియ్యమనండీ," అని మా ఆవిడ ఏడుస్తోంది.

"నువ్వూరుకో. నీ మొహం చూసేడంటే రేటు పెంచేస్తాడు."

బిల్లు సగానికి దిగింది. వాళ్ళేదో కాగితం ఇస్తే సంతకం పెట్టేశాను. బస్సులో ఈ సంగతి చెబితే మండపేట రైసుమిల్లు ఆయన నా భుజం తట్టి, "బేరవంటే మీదండీ బాబూ!" అన్నారు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చాక ఐదారు వారాలకి కట్టు విప్పితే, చెయ్యి వంకరగా అతుక్కుని ఉంది. మళ్ళీ విరిచి ప్లేటు వెయ్యాలన్నారు ఎముకల డాక్టరు. లేకపోతే ఆ చేత్తో కత్తెర పట్టుకోవడం కల్ల అన్నారు. మా ఆవిడ జాకెట్లు కుడుతుంది. కొత్తపేట నుంచి కూడా ఆటోలు కట్టించుకుని వస్తారు. అది పోతే ఆవిడకి మిగిలేది కొట్లో నా పక్కన కూర్చుని రోజల్లా నా మాటలు వినడం. ఉన్న డబ్బంతా టూరుకే పోశాను కాబట్టి ఆపరేషన్‌కి టూరు టికెట్టుతో పాటు వచ్చిన ప్రయాణ బీమా ఒక్కటే దిక్కు.

కాకినాడలో బీమా ఆఫీసరమ్మ ఫైలు తెరిచి ఆ మలేషియా ఆసుపత్రి కాగితం మీద నా సంతకం చూపించింది.

"దెబ్బ చిన్నది, ఎక్స్‌రే వద్దు అని ఉందండి ఇందులో. చిన్న దెబ్బకి మేం కట్టు ఖర్చే ఇస్తావండి."

నేను మా ఆవిడ చెయ్యి లాగి బల్లమీద పెట్టాను. "చిన్నదాండీ ఇది? పూర్తిగా పాడైపోయిందండీ. ఇంక దేనికీ పనికిరాదు!" మా ఆవిడ కెవ్వుమంది. సమయానికి అరిచిందనుకున్నాను.

ఆఫీసరమ్మ నన్ను వదిలేసి ఆవిడని అడిగింది. "ఎక్స్‌రే వద్దన్నది మీరాండీ?"

"కావాలన్నానండి. ఈయనే వద్దన్నారు."

"అయితే ఆ ముక్క ఈయన రాసివ్వాలండి. మీరడిగినా ఈయనే కాదన్నారని. అప్పుడు పైకి పంపిస్తాను."

కాగితం తీసుకున్నాను. "తెలియక వద్దన్నానని రాస్తానండి."

"తెలుసు కదండీ," అంది మా ఆవిడ. "ఏడిచేను కదా."

"నొప్పి అంచనా వెయ్యలేక అని..."

"వేసేరు. నా మొహం చూస్తే రేటు పెంచుతాడన్నారు. అదీ రాయండి."

ఆఫీసరమ్మ కంప్యూటరు మీంచి చేతులు తీసేసింది. మా ఆవిడ గొంతు పెంచలేదు, ఒక్క మాటా తగ్గలేదు. అన్నీ రాశాను. కింద ఆవిడ ఎడమచేత్తో వంకరటింకరగా సంతకం పెట్టింది.

ఆ కాగితంతోనే డబ్బు మంజూరైంది. అప్పటికే ఆలస్యమైపోవడంతో, ఆపరేషన్ అయ్యాక కూడా ఆ చేతికి మూడు వేళ్ళే ముడుచుకుంటున్నాయి. రోజుకి నాలుగు జాకెట్లు కుట్టే మనిషి ఇప్పుడు ఒక్కటి కుడుతోంది.

ఆ కాగితం రాసిచ్చిన రోజు, బీమా ఆఫీసు కింద జెరాక్సు షాపులో ఒక్క కాపీ చాలన్నాను. "రెండు తియ్యండి," అంది ఆవిడ షాపాయనతో. "ఒకటి లామినేషన్ చెయ్యండి." ఇప్పుడది కుట్టుమిషను పైన గోడకి ఉంది. వచ్చినవాళ్ళు నిలబడి చివరిదాకా చదువుతారు. తర్వాత కొలతలకి చేతులు చాస్తారు.