ఆకు అడుగున

పత్తికొండ బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన తన ఫోన్‌లో రైతుల వాట్సాప్ గ్రూపులు రెండు చూపించాడు. తన టమోటా ఆకులు ముడుచుకుంటున్నాయని రెండింట్లోనూ అడిగాడట.

"దీంట్లో నలభై మంది మందుల పేర్లు చెప్పినారప్పా. దాంట్లో ఒక్కడే, ఆకు తిప్పి అడుగున ఫోటో తీసి పెట్టమన్నాడు."

"ఎవరి మాట విన్నావు పెద్దాయనా?"

"శానామంది చెప్తాండారంటే నిజమనుకుంటి. అన్ని మందులూ కలిపి కొడితి. చేను మాడిపాయ."

జేబులోంచి ఎండిన ఆకు తీసి నా అరచేతిలో బోర్లా పెట్టాడు. అడుగున, ఆకు ముడత తెచ్చే తెల్లదోమ అంటుకుని ఉంది.

ఆయన చూపించిన ఆ నలభై మంది పేర్లలో నాదీ ఉంది. టమోటా చేలో కాలు పెట్టకుండా, కర్నూలు ఆఫీసులో టీ తాగుతూ రాసిన సలహా. ఆకు నలగకుండా ఫోన్ కవరులో పెట్టాను.

దిగేటప్పుడు ఆయన ఆకు అడగలేదు. ఇప్పటికీ అది నా ఫోన్ కవరులోనే ఉంది.