నైరుతి మూలన స్టోరేజీ

సెల్‌ఫోన్‌లో ఫొటో తీస్తే పదిమంది మూగే రోజులవి. బ్రాడీపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్ల గది నా చేతిలో ఉండేది. పేషెంట్ల స్కాన్లన్నీ స్టోరేజీ అనే డిస్కుల బీరువాలో ఉండేవి. డాక్టరు అడిగితే సర్వర్ అందులోంచి తెచ్చి చూపించాలి. రెండింటి మధ్యా ఫైబర్ ఛానల్. అంటే సన్నటి గాజుపోగులోంచి వెలుగు రూపంలో కబురు పోతుంది, అడిగింది వస్తుంది. ఆ డిస్కులు తన కడుపులోనే ఉన్నాయనుకుంటుంది సర్వర్, పిచ్చిది. ఒక తీగ పాడైనా పని ఆగకూడదని రెండు తీగలు, రెండు దారులు. బీరువానీ సర్వర్‌నీ పక్కపక్కన పెట్టి, పొట్టి తీగలు తగిలించి హాయిగా నడుపుకుంటున్నాను.

నడుపుకోనిస్తేనా! ఆసుపత్రి యజమాని, మా ఎండీ గారు, ఒకరోజు వాస్తు సిద్ధాంతిగారిని వెంటేసుకొచ్చారు.

"బరువు నైరుతిలో ఉండాల, వేడి ఆగ్నేయంలో ఉండాల," అన్నాడు సిద్ధాంతి. బీరువా నైరుతి మూలకి, సర్వర్ ఆగ్నేయం మూలకి పోయాయి. "ఈ తీగలో ఏం పోద్ది?"

"వెలుగండీ."

"వెలుగంటే అగ్నే గదయ్యా! తిన్నగా నైరుతిలోకి తోలతావా? ఉత్తరం మీదుగా తిప్పు."

ఉత్తరాన గుమ్మం ఉంది. "గాజుపోగండీ, మరీ మడిస్తే వెలుగు పోదు. కనీసం రెండోదాన్నన్నా దక్షిణం గోడ వెంట పోనివ్వండి," అని బతిమాలాను.

"అది యముడి దిక్కు. ఆసుపత్రిలో వద్దు," అన్నాడు. ఎండీ గారు చేతులు జోడించారు. నేను పొడుగు తీగలు తెప్పించి, రెండిటినీ ఒకే గడప వెంట, తలుపు కిందగా లాగాను. రెండు దారులూ ఒకే దారయ్యాయి. శుక్రవారం శుక్రవారం ఆయా వచ్చి ఆ గడపకి పసుపు రాసి బొట్లు పెట్టేది.

కొన్ని నెలలకి, ఒక బుధవారం మధ్యాహ్నం, తలుపు ఒరుసుకుని ఒరుసుకుని రెండు తీగలూ ఒకేసారి చచ్చాయి. అదే పూట అద్దంకి వైపు నుంచి ఒక పెద్దావిడ తలలో గడ్డతో వచ్చి ఉంది. గడ్డ పెరిగితే ఆపరేషను, పెరక్కపోతే మాత్రలు. తేల్చాలంటే ఆర్నెల్ల కిందట ఇక్కడే తీసిన స్కాను కావాలి. వాళ్ళ దగ్గరున్న ఫిల్ము వానకి తడిసి అట్ట కట్టుకుపోయింది.

"పాతది లేకపోతే రిస్కు తీసుకోను, తల తెరవాల్సిందే," అన్నాడు డాక్టరు.

ఆవిడ కూతురు నా దగ్గరకి పరిగెత్తుకొచ్చింది. "సారూ, గుండు గీసేవాణ్ణి పిలిచారండీ! మా అమ్మ బొమ్మ ఆ బీరువాలో లేదాండీ?"

"ఉందమ్మా, ఎక్కడికీ పోలేదు," అన్నాను. పొట్టి తీగలు నా సొరుగులోనే ఉన్నాయి. సర్వర్‌ని నైరుతికి తోసి తగిలిస్తే పావుగంట పని.

"ఒకటిన్నర దాకా రాహుకాలమయ్యా," అన్నారు ఎండీ గారు గుమ్మానికి అడ్డం నిలబడి. "పైగా నైరుతిలో అగ్నా? సిద్ధాంతిగారు ఫోనెత్తాలి, ఆగు."

ఆగాను. ఛీ, ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది, నా మీదే. సిద్ధాంతిగారు భోంచేసి, కునుకు తీసి, ఒకటిన్నర దాటాక ఫోనెత్తి, తాత్కాలికంగానైతే దోషం లేదన్నారు. సర్వర్‌ని ఆపి, తోసి, తీగలు తగిలించి మళ్ళీ లేపాను. పచ్చ లైట్లు వెలిగాయి. డాక్టరు రెండు స్కాన్లూ పక్కపక్కన పెట్టి చూశాడు. గడ్డ ఆవగింజంతైనా పెరగలేదు. మాత్రలు రాసి పంపించాడు.

ఆవిడ బయటికొచ్చింది. సగం తలకి జుట్టు లేదు, మిగతా సగానికి జడ వేలాడుతోంది. కొంగు కప్పుకుని, ఎండీ గారికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

"నాదేముందమ్మా," అన్నారాయన. "నైరుతిలో పెట్టబట్టి నీ బొమ్మ భద్రంగా ఉంది."

కూతురు అవునా అన్నట్టు నా వైపు చూసింది. నేను తలూపాను.