వీధికంతా ఒకటే ప్లగ్గు

మా ఆయనకు ‘కాదు’ అనే మాటకు నోరు తిరగదు. పెళ్ళయిన కొత్తలో అది మంచితనం అనుకున్నాను. ఇన్నేళ్ళ కాపురం తర్వాత దానికి నేను పెట్టుకున్న పేరు వేరే ఉంది. అది ఇక్కడ రాయదగ్గది కాదు.

ఆయన అద్దెకారు నడుపుతాడు. ఎక్కినవాళ్ళు తమ ఇంటి దగ్గర దిగిపోతూ, "ఈ మూట కాస్త మా చెల్లెలింట్లో పడేయండి" అంటే పడేసి వస్తాడు. ఆ చెల్లెలిల్లు ఊరికి ఆ చివర ఉంటుంది. ఇదేం పనండీ అంటే, "ఎలాగూ అటే వెళ్తున్నా కదే" అంటాడు. ఎటైనా ఆయనకు అటే.

పాత కారు మూలపడ్డాక కరెంటు కారు కొన్నాడు. వెనకసీటు కింద ఒక ప్లగ్గు ఉందనీ, ఇంట్లో కరెంటు పోతే దానికి వైరు తగిలించి సామాన్లు నడుపుకోవచ్చనీ అమ్మినతను చెప్పాడట. ఆ కారు ఎంత దూరం పోతుందో అడగడం మరిచిపోయి వచ్చిన మనిషి, ఆ ప్లగ్గు గురించి మాత్రం వారం రోజులు ఊదరగొట్టాడు. "ఇక మనింట్లో చీకటన్నదే ఉండదు" అన్నాడు. నాకు చీకటితో పేచీ లేదు. నాకు కావలసింది వేడి.

ముందుగదిలో నా పొదిగే పెట్టె ఉంది. గుడ్లు పేర్చి మూడు వారాలు ఒకే వేడిలో ఉంచితే కోడిపిల్లలు బయటికొస్తాయి. మధ్యలో చల్లబడితే లోపలే పోతాయి. మొదటి విడత వేడెక్కువై పోయింది. రెండోది కరెంటు పోయి కుళ్ళింది. మూడోది కూడా పోతే పెట్టెను పాతసామాన్లవాడికి ఇచ్చేసి, మా అక్క కుట్టు దుకాణంలో గుండీలు కుట్టడానికి పోతానని ఒట్టు పెట్టుకున్నాను. మా అక్క కింద పనిచెయ్యడమంటే ఎలా ఉంటుందో ఇదివరకు చేసినవాళ్ళను అడగండి. ఒక్కరూ మిగల్లేదు.

మూడో విడత చక్కగా కుదిరింది. బల్బుకు అడ్డంపెట్టి చూస్తే లోపల పిల్లలు కదులుతున్నాయి. ఇంకో రెండు మూడు రోజుల్లో బయటికొస్తాయనగా గాలివాన వచ్చింది. స్తంభాలు ఒరిగాయి, రోడ్లకు అడ్డంగా చెట్లు కూలాయి, ఊరు మొత్తానికీ కరెంటు పోయింది.

మా ఆయన కారును కిటికీ పక్కకు తెచ్చి, వైరు లోపలికి లాగి, పెట్టెకు తగిలించాడు. పెట్టె మీద ఎర్రదీపం వెలిగింది. నిజం చెప్పొద్దూ, ఆ నిమిషాన ఆయన ముద్దొచ్చాడు.

"బ్యాటరీ నిండుగా ఉందే. నీ పెట్టె ఒక్కటే అయితే వారం పైన లాగుతుంది" అన్నాడు.

ఒక్కటే అయితే.

మొదట ఎదురింటాయన ఫోను పట్టుకుని వచ్చాడు. ఐదు నిమిషాలే అన్నాడు. ఆ వెనకే ఆయన బావమరిది, వాళ్ళ వెనక పై వాటాలోవాళ్ళు. మధ్యాహ్నానికల్లా మా ఆయన కారు పక్కన కుర్చీ వేసుకున్నాడు, అటకమీద ఉన్న ప్లగ్గుల బోర్డులన్నీ దింపించాడు. "నీకయిందా తమ్ముడూ? మీది పెట్టండి వదినగారూ" అని పిలిచి మరీ కొసరుతున్నాడు. సాయంత్రానికి ఒక ఫ్రిజ్ వైరు గోడ దూకి వచ్చింది. దాని వెనకే వీధి చివర ఇస్త్రీ కుర్రాడు పెట్టె చంకన పెట్టుకుని దిగాడు.

"ఏమండీ, ఇస్త్రీపెట్టె ఎంత తాగుతుందో తెలుసా?" అన్నాను.

"పాపం వాడి బతుకే అది కదే."

"మరి నాదో?"

"నీది ఆగలేదుగా" అన్నాడు, ఎంతో నిదానంగా. ఆ నిదానానికే నాకు తల పగిలిపోతుంది.

రెండోరోజు బట్టలుతికే మిషను వచ్చింది. తడిబట్టలు కంపుకొడతాయట. ఆ తర్వాత ఒకావిడ జుట్టు ఆరబెట్టుకునే మిషను తెచ్చుకుంది. ఇంత గాలివానలో ఆ జుట్టు ఎవరికి చూపించాలో నాకర్థం కాలేదు. ఎవరొచ్చినా లేదని చెప్పమని మా అమ్మాయిని కారు దగ్గర కూర్చోబెట్టాను. "పెద్దవాళ్ళతో అలా మాట్లాడకూడదమ్మా" అని వాళ్ళ నాన్న దాన్ని లేపి లోపలికి పంపించేశాడు. నేను వంటింట్లో గిన్నెలు ఎత్తెత్తి పడేశాను. ఆయనకు వినపడింది. బయటికి మాత్రం, "ఏదో జారిపడినట్టుంది" అని జుట్టావిడకు చెప్పాడు.

మూడోరోజు పొద్దున కారు తెర మీద ఎర్రగీత కనిపించింది. బ్యాటరీ ఆ గీతకు దిగితే ఇక బయటికి కరెంటు ఇవ్వదు, కంపెనీవాళ్ళు పెట్టిన కట్టడి అది. గీతకు వెంట్రుకవాసి పైన ఉన్నాం. ఛార్జింగు పెట్టుకుందామంటే ఊళ్ళో ఎక్కడా కరెంటు లేదు, ఊరు దాటుదామంటే రోడ్డు లేదు. ఆ సంగతి తెలియగానే వీధివాళ్ళంతా ఎవరి వైరు వాళ్ళు చుట్టుకుని చల్లగా జారుకున్నారు.

రెండు వైర్లు మిగిలాయి. ఒకటి నా పెట్టెది. రెండోది పక్కింటి పెద్దమ్మ గాలిపరుపుది. ఆవిడ మంచం దిగి చాలా కాలమయింది. ఆ పరుపులోకి చిన్న పంపు ఎప్పుడూ గాలి కొడుతూ ఉండాలి, లేకపోతే వీపంతా పుండ్లు పడతాయి.

"ఆ వైరు పీకేయండి. ఇవాళో రేపో పిల్లలొస్తాయి. ఈ ఒక్కరోజు పెద్దమ్మను వాళ్ళు అటూ ఇటూ తిప్పుకుంటారు" అన్నాను.

ఆయన రెండు వైర్లకేసీ చూశాడు. "ఉన్నదంతా నీ పెట్టె రెండు మూడు గంటల్లో తాగేసి ఆగిపోతుంది. పంపుకైతే ఎల్లుండిదాకా వస్తుందే."

"అయితే?"

"పంపు పీకను" అన్నాడు. వంగి నా ప్లగ్గు తీసేశాడు.

ఆ నోట ఒక్క ‘కాదు’ వినాలని ఏళ్ళ తరబడి ఎదురుచూశాను. తీరా వస్తే నాకే వచ్చింది. ఇస్త్రీ కుర్రాడికి రాలేదు, జుట్టావిడకు రాలేదు, కట్టుకున్నదానికి వచ్చింది. పెద్దమ్మ వీపు నేనూ చూశాను, కాబట్టి ఆయన చేసింది తప్పనడానికీ లేదు. ఒళ్ళు మండింది అందుకే. తిట్టడానికి కూడా నాకు చోటు మిగల్చలేదు ఆ మనిషి.

గ్యాసు పొయ్యి మీద నీళ్ళు కాచి సీసాల్లో పోశాను. నేనూ మా అమ్మాయీ గుడ్లను తొట్టిలో పెట్టి, సీసాలు సర్ది, దుప్పట్లు కప్పాం. అడుగువాటికి వేడెక్కువవుతోంది, పైవాటికి అందడం లేదు. ఒకటి సర్దితే ఇంకొకటి చల్లబడుతోంది. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

మా ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. "నాకు కొన్ని ఇవ్వు" అన్నాడు.

"ఎందుకు? ఎవరడిగారు?"

ఆయన వచ్చి మా మంచం మీద వెల్లకిలా పడుకుని చొక్కా గుండీలు విప్పాడు. పగలంతా కారులో కూర్చుని కూర్చుని పెంచిన పొట్ట అది. దాన్ని తగ్గించమని నేను చెప్పని రోజు లేదు. రెండు పక్కలా దిండ్లు అడ్డంపెట్టి, పట్టినన్ని గుడ్లు పొట్ట మీద పేర్చి, పైన చొక్కా వేసి, దుప్పటి కప్పాను. ఆయన కళ్ళు తప్ప ఏమీ కదపలేదు. ముక్కు దురద పుడితే మా అమ్మాయి గోకింది.

సాయంత్రం గేటు చప్పుడయింది. ఇస్త్రీ కుర్రాడు.

"బాబాయ్, కారులో ఏమన్నా మిగిలిందా? ఐదు నిమిషాలే."

నేను ఆయన ముఖంకేసి చూశాను. ఆ ముఖం నాకు తెలుసు. కనుబొమలు పైకి లేచాయంటే వెనకాలే ‘దానిదేముందిరా’ వస్తుంది. కనుబొమలు లేచాయి.

"లేదురా" అన్నాడు.

"ఒకసారి బయటికి రా బాబాయ్, చూద్దాం."

"రాను. ఇక్కణ్ణించి కదలను. నువ్వెళ్ళు."

కుర్రాడు కాసేపు అక్కడే నిలబడ్డాడు. పాపం, వాడూ ఆ మాట మా ఆయన నోట ఎప్పుడూ విని ఉండడు. తర్వాత గేటు మూసిన చప్పుడు వినిపించింది.

ఆ విడతలో సగం కూడా దక్కలేదు. దుప్పట్లలోవి చాలామటుకు పోయాయి. మొదటిరోజే ఆ ‘లేదురా’ అని ఉంటే అన్నీ బతికేవని ఆయనకు ఇప్పటికీ చెబుతూనే ఉంటాను, ఇక ముందూ చెబుతాను. మా అక్క దుకాణానికి మాత్రం నేను వెళ్ళలేదు.

ఆ సాయంత్రం తలుపు దగ్గరికి వేసి వచ్చేసరికి ఆయన ఊపిరి బిగబట్టి పైకప్పుకేసి చూస్తున్నాడు.

"ఒసే, లోపలినుంచి ఏదో పొడుస్తోందే" అన్నాడు గుసగుసగా.

చొక్కా కిందకి చెయ్యి పోనిచ్చాను. బొడ్డు పక్కనున్న గుడ్డుకు పెంకు చిట్లింది. నా వేలికింద మళ్ళీ టక్కుమంది.

"లేవనా?" అన్నాడు.

"కదిలారంటే ఊరుకోను" అన్నాను.