రెండు ఐర్లండ్‌ల ఫాదర్ గారు

మొన్న తెగిన చెప్పు కుట్టించుకుందామని నెల్లూరు బస్టాండు పక్కన కూర్చునే ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన చిన్న డబ్బాలో తేనెమైనం కరిగించి, అందులో ఆముదం కలిపి, ఎవరిదో పాత తోలుసంచికి గుడ్డతో పట్టిస్తున్నాడు. ఆ వాసన తగలగానే అక్కడే ఆగిపోయాను. ఎనభై దాటిన మనిషి చెప్పు చేత్తో పట్టుకుని అలా నిలబడిపోయేసరికి ఆయన కంగారుపడి, "ఏం సార్, కళ్లు తిరిగినాయా? కూసోండి" అని గోనెపట్టా జరిపాడు. కూర్చున్నాను. అది మా ఫాదర్ డెక్లన్ గారి వాసన. ఆయన చేతులు, ఆయన తెల్లటి నిలువుటంగీ జేబులు, ఆయన సైకిలు హ్యాండిలుకు వేలాడే వలసంచి, అందులోని తోలుబంతి, అన్నీ అదే వాసన వేసేవి. తడిసిన తోలుబంతి ఇటుకంత బరువెక్కుతుందని ప్రతి శనివారం పొద్దున ఆయనే కూర్చుని దానికి మైనం, ఆముదం పట్టించేవారు.

ఆయనది ఐర్లండ్. నెల్లూరులో మేము చదివిన మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పేవారు, సాయంత్రాలు ఫుట్‌బాల్ నేర్పేవారు. మనదేశం వచ్చిన కొత్తలో మైపాడు వైపు పల్లెల్లో ఉండి తెలుగు నేర్చుకున్నారట. అందుకని ఆయన తెలుగు పుస్తకాల తెలుగు కాదు, సముద్రం ఒడ్డున వలలు లాగేవాళ్ల తెలుగు. ఆరడుగుల ఎర్రటి మనిషి తరగతిలోకి వచ్చి "ఏందబ్బయ్యా, నిన్నటి లెక్క చేసినావా?" అంటే కొత్తగా చేరిన పిల్లలు నోరు తెరుచుకుని చూసేవాళ్లు. ఆయన పేరు మా నాలుకలకు లొంగక ‘దెక్కలన్న’ అయింది. ఆ సంగతి తెలిసినా ఆయన ఎప్పుడూ విసుక్కోలేదు. ఎడమ మోకాలు సరిగా వంగేది కాదు. అయినా మైదానంలో ఆ కాలుతోనే కుంటుకుంటూ మాతోపాటు అటూ ఇటూ తిరిగేవారు.

మాది పులికాట్ సరస్సులో ఇరకం దీవి. మా నాన్న చేపల వేటకు వెళ్లేవాడు. నేను హాస్టల్లో ఉండి చదువుకుని, ఇరవయ్యో ఏట అదే స్కూల్లో డ్రిల్లు మాస్టరుకు సహాయకుడిగా చేరాను. జిల్లా జట్టుకు గోల్‌కీపర్ని. బంతి పట్టడం నాకు మొదట నేర్పింది ఫాదర్ గారు కాదు, మా మేనమామ మునస్వామి. ఆయనది సరస్సుకు దక్షిణపు ఒడ్డున పళవేర్కాడు. చిన్నప్పుడు సెలవులకు వెళితే మామ పడవలో నిలబడి కొబ్బరిబోండాలు విసిరేవాడు, నేను మోకాటిలోతు నీళ్లలో నిలబడి పట్టుకునేవాణ్ణి. జారవిడిస్తే ఆ రోజుకు ఆ బోండం నాకు లేనట్టే. తొలికాన్పుకు పుట్టింటికి వెళ్లడం మన ఇళ్లలో మామూలే కాబట్టి మా అమ్మ నన్ను కన్నది కూడా పళవేర్కాడులోనే. అప్పుడంతా ఒకటే రాష్ట్రం. ఆంధ్ర వేరుపడ్డాక గీత మా సరస్సు మీదుగా పోయింది. నేను పుట్టిన ఇల్లు మద్రాసులోకి, పెరిగిన ఇల్లు ఆంధ్రలోకి వచ్చాయి. మాకు దానితో పెద్దగా పని పడలేదు. పడవకు గీత కనిపించదు, చేపకూ కనిపించదు.

ఫాదర్ గారిలో ఒక అలవాటు మాకందరికీ వింతగా ఉండేది. జట్టు పేర్లు బోర్డు మీద పెట్టేముందు, పేరు లేనివాళ్ల దగ్గరికి ఆయన స్వయంగా వెళ్లేవారు. ఒకసారి ఖాజా అనే కుర్రాణ్ణి తప్పించారు. అతను ముత్తుకూరులో దర్జీ పని చేసే ఒకాయన కొడుకు, ఆ వారం సెలవు పెట్టి ఇంటికి వెళ్లాడు. ఎర్రటి ఎండలో ఫాదర్ గారు సైకిలు మీద ముత్తుకూరు వెళ్లి, ఖాజా వాళ్ల అరుగు మీద కూర్చుని, "నీకంటే బాగా ఆడేవాడు దొరికినాడు నాయనా, ఈసారి నువ్వు లేవు" అని చెప్పి, వాళ్లమ్మ ఇచ్చిన చాయ్ తాగి తిరిగొచ్చారు. చీకటి పడకముందే ఆ మోకాలు వాచిపోయింది. "బోర్డు చూస్తే వాడికే తెలిసేది కదా ఫాదర్" అన్నాను నేను, వేడినీళ్ల గుడ్డ పిండుతూ. "బోర్డుకు మొహం ఉండదు గదా" అన్నారాయన. అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఆ ఏడాది దక్షిణాది రాష్ట్రాల యువజన ఫుట్‌బాల్ పోటీలు మద్రాసులో పెట్టారు. నాకు ఒకే వారంలో రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి ఆంధ్ర జట్టుకు రమ్మని, జిల్లా ఆటలు చూసి పిలిచారు. రెండోది మద్రాసు జట్టుకు రమ్మని. అది మామ పని. మద్రాసుకు చేపలు తీసుకుపోయే చోట ఒక శిక్షకుడితో ఆయనకు స్నేహం ఉంది. మా మేనల్లుడు మన గడ్డ మీద పుట్టినవాడేనని చెప్పి, అతన్ని వెంటబెట్టుకుని ఒకసారి నెల్లూరు వచ్చి నా ఆట చూపించి వెళ్లాడు. ఒక జట్టుకు ఆడితే రెండో జట్టుకు ఆ తరువాత ఇక ఆడే వీలు లేదు. ఇంట్లో అడిగితే నాన్న "ఆంధ్రా" అన్నాడు. అన్నం పెట్టేటప్పుడు అమ్మ చూపు మాత్రం దక్షిణపు ఒడ్డు వైపే ఉంది.

ఉత్తరాలు రెండూ తీసుకుని ఫాదర్ గారి దగ్గరికి వెళ్లాను. సాయంత్రం, స్కూలు వరండాలో కూర్చుని బంతి తాడు బిగిస్తున్నారు. ఆయన ఒక మాట చెబితే అలాగే చేద్దామని నా ఉద్దేశం. రెండూ చదివి, పక్కన పెట్టి, చాలాసేపు నవ్వుకున్నారు.

"నాకూ ఇట్లాగే వచ్చినాయి రమణా. రెండు ఉత్తరాలు. రెండిటి మీదా ఐర్లండ్ అనే రాసి ఉంది" అన్నారు.

అప్పటిదాకా ఆయన పెద్ద ఆటగాడని మాలో ఎవరికీ తెలియదు. ఆయన పసివాడుగా ఉన్నప్పుడే వాళ్ల దేశాన్ని రెండు చేశారట. ఆయన ఊరు సరిగ్గా గీత దగ్గర. ఒక పక్క బెల్‌ఫాస్ట్, ఇంకోపక్క డబ్లిన్. ఫుట్‌బాల్ సంఘాలు కూడా రెండయ్యాయి, రెండూ తమ జట్టే ఐర్లండ్ అనేవి. ఆ రోజుల్లో రెండు జట్లకూ ఆడినవాళ్లు కూడా ఉన్నారట. కానీ ఆయనకు వచ్చిన రెండు ఆటలూ ఒకే వారంలో పడ్డాయి.

"మరి ఏం చేశారు ఫాదర్?"

"మా అమ్మది డబ్లిన్ పక్క. అటు పోయినాను. అది తప్పు కాదు. ఇటు పోయినా తప్పు కాదు." తాడు ముడి వేస్తూ ఆగారు. "మా వీధిలో ఒక పెద్దాయన ఉండేవాడు. చెప్పులు కుట్టేవాడు. ఇద్దరిదీ ఏసు దేవుడే అయినా వాళ్ల గుడి వేరు, మా గుడి వేరు. మామూలుగా ఆ ఇళ్లకీ మా ఇళ్లకీ మాటలుండవు. అయినా నేను చిన్నప్పుడు వీధిలో డొక్కుబంతి తన్నుతుంటే చూసి, నాకు మొదటి బూట్లు కుట్టి ఇచ్చింది ఆయనే. బెల్‌ఫాస్ట్ వాళ్లకు నా పేరు చెప్పింది కూడా ఆయనే. నేను రావడంలేదని ఆయనకు చెప్పలేకపోయినాను. బెల్‌ఫాస్ట్ వాళ్లకు జవాబు కూడా రాయలేదు. ఆ పొద్దు ఆయన రైల్వేస్టేషన్లో నాకోసం నిలబడినాడంట, నాతోబాటు పోదామని. నేను వేరే రైల్లో వేరే ఊరికి పోయినాను."

తరువాత రెండు ఆటలాడారట, మూడోదానిలో మోకాలు పోయింది. చర్చి ఫాదర్ కావడానికి చదువులో చేరారు. ఆ పెద్దాయన వీధిలో ఎదురైతే ఈయన అవతలి పక్కకు దాటేసేవారు. ఇండియాకు ఓడ ఎక్కేముందు ధైర్యం చేసి ఆ ఇంటికి వెళ్లారు.

"తలుపు కొట్టినాను. వేరే వాళ్లు తీసినారు. ఆయన పోయి అప్పటికి ఆర్నెల్లు."

నేను మళ్లీ అడిగాను, "నన్ను ఎటు పొమ్మంటారు ఫాదర్?"

"నేను చెప్పను. చెబితే రేపు ఓడిపోయినప్పుడు నన్ను తిట్టుకుంటావు" అని నవ్వారు. "ఎటైనా పో. ఎవురికి రానని చెప్పాలో వాళ్ల కాడికి నీ కాళ్లతో నువ్వు పోయి, మొహం చూసి చెప్పు. అంతే."

మరునాడు మైపాడు ఇసుకలో పరుగులు తీయించడానికి జట్టును తీసుకెళ్లారు. అక్కడ నా సంగతి తేలింది. ఖాజా గోలు మీదికి బంతి ఎత్తి కొట్టాడు. వాడు పట్టుపట్టి ఆడి మళ్లీ జట్టులోకి వచ్చాడు అప్పటికి. ఇద్దరు డిఫెండర్లు నాకు అడ్డం వస్తున్నారు. "వదలండిరా, నాది!" అని గొంతు చించుకుని అరిచి బంతి అందుకున్నాను. కిందపడి ఇసుక దులుపుకుంటుంటే అనిపించింది, గోల్‌కీపర్ పని సగం అరవడమే. ఆ క్షణంలో నా నోట్లోంచి వచ్చే మాట అర్థమయ్యే పదిమందే నా జట్టు. మామతో నేను అరవంలో మాట్లాడగలను, పోట్లాడగలను కూడా. కానీ బంతి మీదికి వచ్చినప్పుడు ఆ మాట రాదు. ఆంధ్రకే ఆడాలని తేల్చుకున్నాను. మిగిలింది మామకు చెప్పడం.

ఆదివారం ఇరకం నుంచి తెరచాప పడవలో పళవేర్కాడు వెళ్లాను. దారిపొడుగునా చెప్పాల్సింది వల్లె వేసుకున్నాను. మామ వాకిట్లో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూడగానే లోపలికి వినబడేలా "మద్రాసు గోల్‌కీపర్ వచ్చినాడు, చేప తోము" అని కేకేశాడు. వల్లె వేసుకున్నదంతా ఎగిరిపోయింది.

"మామా, నేను మద్రాసుకు ఆడను. ఆంధ్రకు ఆడతాను" అన్నాను, నిలబడే.

మామ చెయ్యి ఆగింది. "ఎవురు చెప్పినారు? ఆ దొరా?"

"ఆయన ఎటు పొమ్మనీ చెప్పలేదు. నీకు ఎదురుగా వచ్చి చెప్పమన్నాడు, అంతే. ఆంధ్రకని అనుకున్నది నేనే."

"ఈ గడపలోపల పుట్టినావురా నువ్వు. నిన్ను మొదట ఎత్తుకున్నది నేను." వల కిందపడేసి లేచి, వీధిలోకి పోయి, నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. అత్త గుమ్మంలోకి వచ్చి నన్ను కదలొద్దని సైగ చేసింది. నాకు తిరిగి పడవ ఎక్కెయ్యాలనిపించింది. అయినా కదల్లేదు. చివరికి ఆయనే వచ్చాడు.

"కాగితం రాసి పంపించి ఉంటే చించి సరస్సులో పారేసి, మళ్లీ నీ మొహం చూసేవాణ్ణి కాదు" అన్నాడు. "నీళ్లు దాటి వచ్చి చెప్పినావు. కూసో. తిను." వెళ్లేటప్పుడు, "ఆ మద్రాసాయనకు కూడా చెప్పాల గదా. నేనూ వస్తాను పద" అన్నాడు. మర్నాడు ఇద్దరం వెళ్లాం. ఆ శిక్షకుడు కొంచెం నొచ్చుకుని, తరువాత నవ్వి, "సరే, మైదానంలో చూసుకుందాం తంబీ" అన్నాడు.

మైదానంలో చూసుకున్నాం కూడా. మేము మద్రాసుతోనే ఆడాల్సి వచ్చింది. ఫాదర్ గారు నెల్లూరు నుంచి రైల్లో వచ్చారు. గ్యాలరీలో ఆయన్ని గుర్తుపట్టి మామ వెళ్లి పక్కన కూర్చున్నాడట. ఇద్దరూ వేరుసెనక్కాయలు ఒలుచుకుంటూ, ఏ కాలంలో ఏ చేప పడుతుందో మాట్లాడుకున్నారట. చెరొక గోలుతో సమంగా ఉన్నప్పుడు మద్రాసుకు పెనాల్టీ దక్కింది. కుడివైపుకు దూకాను. బంతి వేళ్లకు తగిలి బయటికి పోయింది. మైదానమంతా ఉసూరుమంటుంటే ఒక్క గొంతు మాత్రం "నా అల్లుడురా!" అని అరిచింది. చుట్టూ ఉన్నవాళ్లు "నువ్వు ఏ వైపయ్యా?" అని కసిరితే, "ఏ వైపైతే ఏం, గోలు కాడ ఉండేది మా పిల్లోడు" అన్నాడట. చివరి నిమిషాల్లో ఇంకో గోలు పడి ఓడిపోయాం. ఆట అయ్యాక మామ నన్ను వాటేసుకుని, "మా వాళ్లే గెలిచినారు, మా వాడే బాగా ఆడినాడు. నాకు రెండూ దక్కినాయి" అన్నాడు. ఫాదర్ గారు పక్కకు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నారు. తిరుగు రైల్లో మాత్రం రెండో గోలు నా తప్పేనని గూడూరు దాటేదాకా వివరించారు.

అరవైల చివర్లో ఆయన్ను వెనక్కి పిలిపించారు. వెళ్లేముందు నెలరోజులపాటు సైకిలు మీద ఊరూరూ తిరిగి అందరికీ చెప్పి వెళ్లారు. ఇరకానికి కూడా వచ్చారు. మా అమ్మ ఆయనకు పీతల పులుసు పెట్టింది. ఐర్లండ్ చేరాక అక్కణ్ణుంచి రెండు ఉత్తరాలు రాశారు. రెండోదానిలో, ఇక్కడ నాతో తెలుగు మాట్లాడేవాళ్లు లేరు అబ్బయ్యా, మోకాలితో మాట్లాడుకుంటున్నాను అని ఉంది. తరువాత కబురు లేదు.

నేను హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. బంతిని వదిలేసి చాలా కాలమైంది. మా అమ్మాయికి పెళ్లిచూపులయినప్పుడు, చిల్లకూరు నుంచి వచ్చిన సంబంధం ఆమెకు నచ్చలేదు. అలాంటప్పుడు మనవాళ్లు "ఇంటికెళ్లి ఉత్తరం రాస్తాం" అంటారు. ఆ ఉత్తరం ఎప్పటికీ రాదు, ఎదురుచూసి చూసి అవతలివాళ్లే అర్థం చేసుకోవాలి. ఇంట్లో అందరూ అదే చేద్దామన్నారు. నేను పొద్దున్నే బస్సెక్కి చిల్లకూరు వెళ్లాను. అబ్బాయి తండ్రి పొలంలో ఉన్నాడు. గట్టు మీద నిలబడి, "మీ అబ్బాయిలో వంక ఏమీ లేదండీ, మా అమ్మాయికి మనసు కుదరలేదు" అన్నాను. ఆయన చేతిలోని పార గట్టు మీద పెట్టాడు. తరువాత కాళ్లు కడుక్కుని, "ఇంత దూరం వచ్చి చెప్పినోళ్లు ఇంతవరకూ లేరు సార్. భోంచేసి పోండి" అన్నాడు. భోంచేశాను. ఆ అబ్బాయి పెళ్లికి వెళ్లాను, మా అమ్మాయి పెళ్లికి ఆయన వచ్చాడు. ఇప్పటికీ నెలకోసారి ఆయన నెల్లూరు వస్తే మా ఇంట్లోనే భోజనం.